దంతెల చుట్టరికం

నంద్యాలలో మా అత్త ఇంటికి పోయినప్పుడల్లా చెప్పులు విడిచి, గడప దాటి, నేను మొదట పైకే చూస్తాను. చెంబుతో నీళ్ళు తెస్తూ ఆమె నవ్వుతుంది.

"అందరూ బాగుండార్లే కోడలా, కూచో."

ఆమె అందరూ అన్నది ఇంటి కప్పును మోస్తున్న దంతెలను. ఎందుకలా అంటుందో చెప్పాలంటే ఆ ఇల్లు ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు ట్రాక్టరెక్కి వచ్చిన సంగతి చెప్పాలి. అందులో నేను వెలగబెట్టిన ఘనకార్యం కూడా చెప్పాలి. అది మింగేసి మిగతాది చెబుదామని ఒకటి రెండుసార్లు చూశాను గానీ, కథ ముందుకు కదల్లేదు.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. మా నాయన వడ్రంగి. ఆమె ఆయన్ని అన్నా అని పిలిచింది కాబట్టి నాకు అత్త అయింది, నేను ఆమెకు కోడలినయ్యాను. మా వైపు చుట్టరికాలు ఇంత సులువుగానే కుదురుతాయి.

ఆళ్ళగడ్డలో ఆమెది పాతకాలపు మట్టి మిద్దె. నాలుగు టేకు కంబాలు, వాటి మీద రెండు దూలాలు, దూలాల మీద అడ్డంగా ఇరవై రెండు దంతెలు. దంతెల మీద నాపబండలు పరిచి, బండల మీద జానెడు మందాన చౌడు మట్టి తొక్కారు. గోడలు ఊరికే చుట్టూ నిలబడి చూస్తుంటాయి, బరువంతా కొయ్యే మోస్తుంది అనేవాడు నాయన. అంత ఇంట్లో ఒక్క ఇనుప మేకు లేదు. ఒక కొయ్య కొసను నాలుకలా చెక్కి, ఇంకో కొయ్యలో తొలిచిన బెజ్జంలో దాన్ని దూర్చి, అడ్డంగా చెక్క చీల దిగ్గొట్టారు. ఆ నాలుకను కుసి అంటారు. మంచి వడ్రంగి ఎవరో తెలుసుకోవాలంటే ఇంటిని కాదు, విప్పి కుసిని చూడాలని నాయన మాట.

రోడ్డు వెడల్పు చేస్తామని చెప్పి మిద్దె ముందు భాగానికి ఎర్ర రంగు గీత గీసిపోయారు. సగం పోయాక మిగతా సగం నిలవదు. ఆమె కొడుకు నంద్యాలలో రైసు మిల్లులో పని చేస్తాడు, అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. కొయ్యంతా పాత సామాను వాళ్ళకిచ్చేసి తన దగ్గరికి వచ్చేయమన్నాడు. వస్తానంది ఆమె. కానీ ఒట్టి చేతులతో రానంది. కొడుకు ఇంటి పక్కనే ఖాళీ జాగా ఉంది, అందులో తన గదిని తనకు నిలబెట్టాలంది. నాయన పేరు ఎవరో చెబితే బస్సెక్కి నంద్యాలలోనే ఉన్న మా ఇంటికి వచ్చింది.

"అన్నా, నా ఇల్లు విప్పి మళ్ళా ఈడ నిలబెడతావా?"

"నిలబెడతా. నువ్వు ఆడ యాడ పడుకుంటాండావో ఈడా ఆడనే పడుకుందువు. కండ్లు తెరిస్తే అదే కప్పు కనపడతాది" అన్నాడు నాయన, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

నేను వంటింట్లో నుంచి వింటున్నాను. నాకు భయమేసింది. ఆ ఏడాదే నాయనకు కుడిచెయ్యి వణకడం మొదలైంది. మాకు తెలియదనుకుని టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకునేవాడు, అడిగితే వేడిగా ఉందనేవాడు. సుత్తి, ఉలి ఇక పట్టొద్దని డాక్టరు చెప్పాడు. అప్పటికి చాలా ఏళ్ళుగా ఆయన్ని మిద్దె పనికి పిలిచినవాళ్ళు లేరు. ప్లైవుడ్డు బీరువాలకు మరలు బిగించి బిగించి మనిషి లోపల ఎండిపోయాడు. చేతులు పూర్తిగా పోకముందు ఒక్క ఇల్లు నిలబెట్టాలని ఆయన ఆశ. ఆయన ఆ మాట అనలేదు, నేనూ అడగలేదు. అది నిలబడకపోతే మాత్రం ఆయన మళ్ళీ తలెత్తడని నాకు తెలుసు.

అందుకే నేనూ కాలేజీకి సెలవు పెట్టి వెంట వెళ్ళాను. నేను పాలిటెక్నిక్‌లో డ్రాయింగు చెబుతాను. గీత గీయడం నాకు నేర్పింది నాయనే, కానీ ఆ మాట మర్చిపోయి ఆయనకే పాఠాలు చెప్పే జబ్బు నాది. పని మొదలుపెట్టే ముందు రోజు ఫోనులో ఒక వీడియో చూపించాను. ఇంగ్లండులో కొన్ని వందల ఏళ్ళనాటి కొయ్య చట్రం ఇల్లు. నల్లటి దూలాలు, మధ్యలో తెల్లటి గోడలు. అక్కడి వడ్రంగులు దాన్ని కీలుకు కీలు విప్పి, బాగుచేసి, మళ్ళీ నిలబెడుతున్నారు.

"చూడు నాయనా, ప్రతి కొయ్యకూ గుర్తు ఉంది. మనం కూడా అంకెలు వేసుకుందాం. నేను బొమ్మ గీస్తాను."

నాయన ఫోనును కంటి దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశాడు. "వాళ్ళూ మన మాదిరే కుసి పెట్టినారు" అన్నాడు, దూరపు చుట్టం కనిపించినంత సంతోషంగా. తర్వాత వేలితో చూపించాడు. "కానీ ఆ గుర్తు చూడు పాపా, ఉలితో పెట్టిన గాటు. మనమూ గాట్లే పెడదాం."

నేను ఒప్పుకోలేదు. అంత పాత టేకు మీద గాట్లేమిటి, పాడవదా, సుద్దముక్క చాలదా అని వాదించాను. నిజానికి నేను భయపడింది కొయ్య కోసం కాదు, ఆయన చెయ్యి కోసం. ఉలి పట్టుకుంటే ఆ వణుకు కూలీల కంట పడుతుందని. ఆయన నా ముఖం చూసి, సరే నీ ఇష్టం అన్నాడు. ఏం అర్థమైందో ఆయనకే తెలియాలి.

విప్పడం పదిహేను రోజులు పట్టింది. చౌడు దించి, బండలు దించి, ఒక్కొక్క దంతెను తాళ్ళతో కిందికి దించాం. దించినదానికల్లా నేను సుద్దముక్కతో అంకె వేశాను, కాగితం మీద అదే అంకె వేసుకున్నాను. నా బొమ్మ ఎంత శుభ్రంగా వచ్చిందంటే పిల్లలకు చూపించాలని ఫోటో కూడా తీసుకున్నాను. మర్నాడు ట్రాక్టరు వస్తుందనగా మేము నంద్యాలకు వచ్చేశాం.

పొద్దున తిరిగి ఆళ్ళగడ్డ వెళ్ళేసరికి వాకిలంతా పచ్చగా మెరిసిపోతోంది. కంబాలు, దూలాలు, దంతెలు అన్నీ వరసగా ఎండలో ఆరుతున్నాయి. ఒక్కొక్కదాన్నీ కుంకుడు రసం పోసి, కొబ్బరి పీచుతో తోమి, కడిగి, కొస నుంచి కొస దాకా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టారు. అత్త, వీధిలో ఆడవాళ్ళు ఇంకో నలుగురు, ముందురోజు మేము బస్సెక్కింది మొదలు పొద్దుగూకేదాకా అదే పని చేశారట.

"ఏందత్తా ఇది?" అన్నాను.

"ఏందంటావేంది కోడలా? పుట్టింటి నుంచి పోయే బిడ్డను తలకి పోయకుండా పంపుతామా? ఎన్నేండ్ల మురికనుకున్నావు! పైన సుద్దగీతలు కూడా ఎవురో పిల్లోళ్ళు గీసిపెట్టినారు. అంతా పోయేదాకా తోమితిమి."

కాగితం మీద అంకెలున్నాయి, కొయ్య మీద ఒక్క అంకె లేదు. నోరు తెరవబోయాను. నాయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ వణుకుతున్న చేత్తోనే, గట్టిగా.

"బాగా చేసినావు మ్మా. ఇంత బాగా ఎవురు సాగనంపుతారు?" అన్నాడు ఆమెతో. ట్రాక్టరు వెనక బస్సులో వస్తూ నాతో ఒక్క మాటే అన్నాడు. "ఆయమ్మకు చెప్పొద్దు. అంత ప్రేమగా కడిగింది. అది తప్పని తెలిస్తే ఆ గదిలో ఆమెకు నిద్ర పట్టదు."

"మరి ఎట్లా నిలబెడతావు?"

"చూద్దాంలే."

గది లేచేదాకా రానని అత్త ఆళ్ళగడ్డలోనే పక్కింట్లో ఉండిపోయింది, సామాను మాత్రం కొయ్యతో పాటు కొడుకింటికి చేరింది. నంద్యాలలో మొదటి వారం బాగానే నడిచింది. నాలుగు కంబాలు, రెండు దూలాలే కాబట్టి నాయన కళ్ళు మూసుకుని కుసిని తడిమి, బెజ్జంలో వేళ్ళు పెట్టి చూసి, ఏది దేనిదో చెప్పేశాడు. చీలలు కూలీలు కొట్టారు. నా ప్రాణం కాస్త కుదుటపడింది. తర్వాత దంతెల దగ్గరికొచ్చేసరికి పని ఆగిపోయింది.

ఇరవై రెండు దంతెలు. నా బొమ్మలో అన్నీ స్కేలు పెట్టి గీసిన తిన్నటి గీతలు. నాయన ఆ కాగితాన్ని ఒకసారి చూసి పక్కన పెట్టాడు. "నీ బొమ్మలో అన్నీ ఒక తల్లి బిడ్డలే. ఈడ చూడు, ఒక్కటన్నా ఇంకోదాని మాదిరి ఉండాదా?" నిజమే, ఒకటి లావు, ఒకటి సన్నం, ఒకటి నడుము దగ్గర వంగింది. ఆనాటి వడ్రంగి ఒక్కొక్కదాన్నీ దాని పక్కదాన్ని బట్టి చెక్కాడు. తప్పు చోట పెడితే కూర్చున్నట్టే ఉంటుంది, పైన బండ వేస్తే ఊగుతుంది. పెట్టడం, దించడం, మళ్ళీ పెట్టడం. మూడు రోజులు అలాగే గడిచాయి. దానికి తోడు ఒక దంతె లోపలంతా చెద తిని బోలుగా ఉందని అప్పుడే బయటపడింది. నాయన పాత టేకు ముక్క తెప్పించి, కొత్త దంతెను తన చేతులతోనే చెక్కాడు. నేను చేస్తానన్నా, కూలీలు చేస్తామన్నా వినలేదు. దాని మీద చెక్కే బాడిస దెబ్బల గీతలు వంకరటింకరగా వచ్చాయి. చూసుకుని ఆయన ముఖం చిన్నబోయింది.

"దీన్ని తలుపు పైన ఆ మూలన వేద్దాం. ఆడ ఎవురూ తలెత్తి చూడరు" అన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన ఇటుకల మీద కూర్చుని, తువ్వాలుతో ముఖం తుడుచుకుని అన్నాడు. "రేపు ఆయమ్మకు చెప్పేస్తా. నా చెయ్యి సాగలేదు, ఒప్పుకోవడం నాదే తప్పు అని. సిమెంటు కప్పు వేసుకోమంటా."

నాకు ఏడుపొచ్చింది. తప్పు ఆయనది కాదు. గాట్లు పెడదామని మొదటే చెప్పిన మనిషి. నేను వద్దన్నాను, ఆమె కడిగేసింది. మా ఇద్దరినీ ఒక్క మాట అనకుండా ఆయన తన చెయ్యి మీద వేసుకుంటున్నాడు. ఎవరికీ కనపడకూడదని ఏడాదిగా దాచుకున్న ఆ చెయ్యినే. ఆ క్షణంలో నాకు ఆయన మీద ఎంత ప్రేమ కలిగిందో అంత కోపమూ వచ్చింది. పక్కకు వెళ్ళి అత్తకు ఫోను చేశాను. చెప్పొద్దన్న ఆయన మాట దాటాను. అంతా చెప్పేశాను, సుద్దముక్కతో సహా.

తిడుతుందనుకున్నాను.

"మా అన్న నన్నొక మాట కూడా అనలేదే" అంది. "పొద్దున్నే మొదటి బస్సుకు వస్తాండా. నా నులక మంచం బయటికి తీసిపెట్టు."

మంచం ఎందుకో నాకర్థం కాలేదు. మర్నాడు ఆటో దిగి నేరుగా కంబాల మధ్యకు వచ్చింది. నాయన లేచి ఏదో చెప్పబోతే చేత్తో ఆపింది. నేను చెప్పేశానని ఆయనకు అప్పుడు తెలిసింది. నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆమె మాత్రం అటూ ఇటూ అడుగులు వేసి, కొలుచుకుని, మంచాన్ని ఉత్తరం కంబానికి దగ్గరగా వేయించింది. చీర కొంగు నడుముకు దోపుకుని, పైన కప్పు లేని ఆ గదిలో, ఎండలో, వెల్లకిలా పడుకుంది.

"ఒక్కొక్కటే నాకు పైన పట్టుకోండప్పా. కింది నుంచి చూస్తే గానీ నాకు తెలియదు."

కూలీలు నవ్వు ఆపుకుంటూ మొదటి దంతెను పైకెత్తి పట్టుకున్నారు. ఆమె చేతిని కళ్ళకు అడ్డం పెట్టుకుని చూసింది.

"ఈయన మేనమామ. ఎంత బరువు పెట్టినా మాట్లాడడు. కిటికీ నుంచి మూడో చోటు."

ఆమె భర్త చివరి ఎనిమిది నెలలు మంచం మీదే ఉన్నాడట. నడుము పడిపోయింది, కదలడానికి లేదు. చూడటానికి కప్పు తప్ప ఇంకేమీ లేదు. పగలు పనులు తెముల్చుకుని ఆమె పక్క మంచంలో వాలితే ఆయన దంతెలకు పేర్లు పెట్టేవాడు. చుట్టాలందరినీ కప్పు మీదికి ఎక్కించాడు. ఆ తర్వాత వరస తప్పకుండా ఒప్పజెప్పించేవాడు, ఏడోది ఎవరు, ఏడోదాని పక్కన ఎవరు అని. తప్పు చెబితే అలిగేవాడట.

"ఈ వంకరది ఆడబిడ్డ. నేను పెట్టలేదబ్బా, ఆయప్పే పెట్టినాడు, సొంత చెల్లెలికి. మేనమామకూ ఆమెకూ పడదు, నడుమ సందు పెద్దగా ఉంటాది చూడు... ఇది వియ్యపురాలు, రెండు కండ్లు మాదిరి ముడులు, ఎప్పుడూ మననే చూస్తాంటాది... ఇది మా అత్త. ఉయ్యాల తాడు రాసుకుని ఆ గాడి పడింది, పిల్లోళ్ళందరినీ ఆమే మోసింది... అదో, బీడీలు తాగే చిన్నాయన! ఎంత తోమినా నల్లగానే ఉండాడు."

కూలీలకు నవ్వాగలేదు. నాయన మాత్రం నవ్వలేదు. ఆమె చెప్పిన చోట దంతెను పెట్టించి, నిచ్చెన మీద నుంచి కీలును తడిమి, ఆశ్చర్యంగా కిందికి చూసేవాడు. చెప్పిన ప్రతిదీ చెప్పిన చోట బిగుసుకుని కూర్చుంటోంది. మధ్యాహ్నం భోజనాలు కూడా ఎవరికీ గుర్తురాలేదు. తలుపు వైపున్న రెండిటిని మాత్రం ఆమె సరిగ్గా పోల్చుకోలేకపోయింది. అవి ఆయనకు మంచం మీద నుంచి కనపడేవి కావట. వాటిని నాయన చూసుకున్నాడు, ఒకదాని కింద చెక్కపేడు పెట్టి సరిచేశాడు.

చివరికి ఒక్క చోటు మిగిలింది. తలుపు పైన మూలన కాదు. సరిగ్గా ఆమె మంచానికి పైన. మిగిలిన దంతె, నాయన వణుకుతున్న చేత్తో చెక్కిన కొత్తది.

"ఈడ ఉండేది ఎవరత్తా?" అన్నాను.

"దానికి పేరు పెట్టలేదు. ఎన్నిసార్లడిగినా, అది మనదిలే అంటాండె." లేచి కూర్చుని చుట్టూ చూసింది. "ఏదీ అది?"

గోడవారన పడి ఉన్న చెద తిన్న దంతెను చూపించాను. దగ్గరికి వెళ్ళి కూర్చుని, దాని మీద పసుపు ఇంకా అంటుకుని ఉన్న చోట చెయ్యి వేసింది. ఏడవలేదు. తర్వాత వచ్చి మళ్ళీ మంచంలో పడుకుని, కొత్తదాన్ని ఎత్తమంది.

నాయన అడ్డం వచ్చాడు. "వద్దు మ్మా, అది సరిగ్గా రాలేదు. ఈ నెలలో ఇంకోటి చేయిస్తా, వేరే పిల్లోనితో. పొద్దునే కండ్లు తెరిస్తే ఈ వంకర గీతలు చూడాల్నా నువ్వు?" అంటూ, ఎవరూ అడగకుండానే, కుడిచెయ్యి ముందుకు చాపి చూపించాడు. ఏడాదిగా దాచుకున్నది అందరి ముందూ వణుకుతోంది. నేను తల తిప్పుకోబోయి, తిప్పుకోలేదు.

అత్త పడుకునే ఆ చెయ్యిని చూసింది. తర్వాత పైన దంతెను చూసింది. గీత గీతనూ చదువుతున్నట్టు చాలాసేపు చూసింది.

"దీనికి నేను పెడతా పేరు" అంది. "ఇది మా అన్న. పెట్టండి ఈడ."

నాయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని నిచ్చెన వైపు తిరిగాడు.

బండలు పరిచేముందు దంతెల కొసలకు గాట్లు పెట్టాలన్నాడు. ఎప్పుడో ఎవరో మళ్ళీ విప్పాల్సి వస్తే వాళ్ళకు కావాలి కదా అన్నాడు. ఉలి, సుత్తి సంచిలో నుంచి తీసి, ఈసారి నా చేతిలో పెట్టాడు. నేను నిచ్చెనెక్కి ఒకటో దానికి ఒక గాటు, రెండోదానికి రెండు, అలా పెట్టుకుంటూ పోయాను. పదకొండోది కొత్తది. దాని మీద ఉలి ఆనించాక నా చెయ్యి రాలేదు. ఎలాగో పదకొండూ పైపైన పెట్టేశాను.

కింద నుంచి నాయన నిచ్చెన రెండు మెట్లెక్కి, చెయ్యి పైకి చాపి, ఆ గాట్ల మీద వేలు పెట్టి తడిమాడు. వేలు వణుకుతూనే ఉంది.

"లోతు చాలదు పాపా. కడిగితే పోతాది. ఇంకొక్కొక్క దెబ్బ కొట్టు."

కొట్టాను.